మోకాలి పరీక్ష

మా బావగారి కర్మాగారంలో లోహాన్ని పరీక్షించడానికి రెండు సాధనాలు ఉండేవి. ఒకటి, ఎంత బలానికి ఎంత వంగిందో సూదితో చూపించే యంత్రం. రెండవది, ఆయన కుడి మోకాలు. యంత్రం దుమ్ముగుడ్డ కప్పుకొని విశ్రాంత జీవితం గడిపేది. మోకాలు మాత్రం ప్రతి ఉదయం విధులకు హాజరయ్యేది.

తయారైన ప్రతి విడత కడ్డీలలోనుంచి ఒకదానిని మేస్త్రీ తెచ్చి ఆయన చేతికి ఇచ్చేవాడు. ఆయన రెండు కొసలూ పట్టుకొని, మోకాలు ముందుకు తెచ్చి, కడ్డీని దానిమీద ఆనించి ఒక్క నొక్కు నొక్కేవారు. కడ్డీ ఎదురు తిరిగితే సరుకు గేటు దాటేది. వంగితే "చెత్త!" అని ఒక్కమాట వినిపించేది, విడత మొత్తం తిరిగి కొలిమిలోకి పోయేది. అవి నిచ్చెనలకూ కిటికీ చట్రాలకూ పోయే కడ్డీలు. ఆ నిచ్చెనల మీదనుంచి ఇంతవరకూ ఎవరూ పడలేదు. ఆ ఘనతను ఆయన మోకాలికే కట్టబెట్టుకొన్నారు.

నేను కళాశాలలో లోహశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. అల్యూమినియంలో కొద్దిపాటి మెగ్నీషియం, సిలికాన్ కలిపి తగిన వేడి పెడితే ఆ గట్టిదనం వస్తుందనీ, అందులో మోకాలి ప్రమేయం ఏమీ లేదనీ భోజనాల బల్ల దగ్గర పలుమార్లు విన్నవించాను.

"బావగారూ, మీ శాస్త్రం పుస్తకాల్లో ఉంటుంది. నాది కాల్లో ఉంటుంది. మీది చెదలు తింటాయి, నాది తినవు," అనేవారాయన.

"బుర్ర మోకాల్లో ఉందని ఎవర్నైనా తిట్టాలంటే జనం మొహమాటపడతారు. ఈయనకి ఆ మొహమాటం కూడా అక్కర్లేదు అన్నయ్యా, స్వయంగా ఒప్పేసుకున్నారు," అనేది మా చెల్లెలు, అంటే ఆయన భార్య, వడ్డన ఆపకుండానే.

కార్మికులు ఆయనను చాటుగా 'మోకాలుగారు' అని పిలుచుకొనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. బిరుదు అనుకొనేవారు.

ఇటువంటి సంస్థానంలోకి కోడలిగా వచ్చింది, స్ఫటికాలు పెంచడంలో పట్టా పుచ్చుకొన్న ఒక అమ్మాయి. వచ్చిన కొత్తలో బంధువులు పిల్లల పెంపకం ఎప్పుడని అడిగితే, "ముందు స్ఫటికాలు పెరగనివ్వండి, అవైతే ఏడవవు," అని జవాబిచ్చి అందరి నోళ్ళూ ఒక్క విడతలో మూయించింది. మా మేనల్లుడు నెమ్మదస్థుడు. తండ్రికీ భార్యకూ మాటల యుద్ధం మొదలయ్యే సూచన కనిపించగానే నిచ్చెనలు అమ్మే నెపంతో పొరుగూరి బండి ఎక్కేవాడు. ఈ కథ జరిగినంతసేపూ అతడు ఊళ్ళో లేడు. నేను అతడిని తప్పుపట్టను.

ఆ అమ్మాయి కర్మాగారం వెనుక, ఒకప్పుడు కిటికీ చట్రాలకు రంగులు వేసిన గదిని బాగుచేసుకొని, అందులో చిన్న కొలిమిని నిలబెట్టింది. గోడలమీద పాతరంగుల చారలు అలాగే ఉన్నాయి. అక్కడే ఆమె అల్యూమినియం ఏకస్ఫటికాన్ని పెంచే ప్రయత్నంలో పడింది.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. ఉద్యోగం నన్ను విరమించింది కాని, అలవాటు నన్ను విరమించలేదు. మనం వాడే గిన్నె, తీగ, నిచ్చెన, తినుబండారం చుట్టిన పలచని రేకు, వీటన్నిటిలోనూ అల్యూమినియం అంటే లెక్కలేనన్ని చిన్న రేణువుల గుంపు. ప్రతి రేణువులోనూ పరమాణువులు బుద్ధిగా వరుసకట్టి నిలుచుంటాయి. కాని ఒక రేణువు వరుస తూర్పుకు తిరిగి ఉంటే పక్కదాని వరుస ఈశాన్యానికి తిరిగి ఉంటుంది. మా బంధువులందరూ కలిసి తీయించుకొన్న ఫోటో చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఏకస్ఫటికంలో అలా కాదు. ముక్క మొత్తం ఒకే రేణువు. ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకే వరుస, ఒకే దిక్కు.

దానిని పెంచడానికి ఓపిక కావాలి. గ్రాఫైట్ మూసలో అడుగుభాగాన్ని పెన్సిల్ మొనలా చెక్కుతారు. అందులో మిక్కిలి స్వచ్ఛమైన అల్యూమినియాన్ని కరిగించి, మూసను కొలిమిలోనుంచి కంటికి కదలిక తెలియనంత నిదానంగా కిందికి దించుతారు. చల్లదనం ముందు మొనకు తగులుతుంది. అక్కడ పుట్టిన రేణువులలో ఒకటి మిగిలినవాటిని తోసుకొని పైకి వస్తుంది. తరువాత గడ్డకట్టే లోహమంతా దాని వరుసలోనే నిలబడుతుంది. అయితే మధ్యలో మూస ఏమాత్రం అదిరినా, పక్కనుంచి మరొక రేణువు పిలవని పేరంటాలిలా ప్రవేశించి తన దిక్కు తాను చూసుకొంటుంది. స్ఫటికం చెడిపోయినట్టే.

అదిరించడానికి ఆ గది బయటే ఏర్పాటు ఉండేది. కర్మాగారంలో తయారయ్యే గిన్నెల మూతలు చోటు చాలక వసారాలో నడుమెత్తు గుట్టలుగా పేర్చి ఉండేవి. ఎవరి మోచేయి తగిలినా గుట్ట కూలి, ఆ మూతలు ఒకదానివెంట ఒకటి దొర్లుతూ, గుండ్రంగా తిరుగుతూ, తీరుబడిగా మోగి మోగి పడుకొనేవి. లోపల కోడలు కొలిమి ముందు కళ్ళు మూసుకొనేది. ఆమె తొలి స్ఫటికాలలో చాలావాటిని హత్య చేసినవి ఆ మూతలే.

"ఆ గది మూతలకిచ్చేస్తే ఇక వసారాలో పడేవి ఉండవు కదా! సమస్య తీరిపోతుంది," అని మా బావగారు తర్కించారు.

"నా గది మూతలకిస్తే నా సమస్యేంటి మామయ్యగారూ, నేనే తీరిపోతాను," అంది కోడలు.

"నీకేం తక్కువమ్మాయ్? అమ్మకాల విభాగంలో ఫోను దగ్గర కుర్చీ వేయిస్తాను. ఫ్యాను కూడా ఉంది."

ఆ ఫోనులో రోజంతా ఏం వినిపిస్తుందో అందరికీ తెలుసు. మూత వదులుగా ఉందనేవారు కొందరు, బిగుతుగా ఉందనేవారు కొందరు. కోడలి ముఖంలో రంగు మారడం నేను చూశాను. నచ్చని పని ఎటూ తప్పకపోతే మనిషి ముఖం ఎలా ఉంటుందో, వైద్యంలో సీటు రాక లోహశాస్త్రంలో పడ్డ నా శిష్యులను పరీక్షల ముందు చూసి నాకు బాగా తెలుసు.

చివరకు బేరం కుదిరింది. ఎక్కడా మరో రేణువు చొరబడని స్ఫటికం ఒక్కటి, జానెడున్నర పొడవున, ఆమె చూపించాలి. లోహంలోనుంచి శబ్దం ఏ దిక్కున ఎంత వేగంగా పోతుందో కొలిచే పరికరాల సంస్థ ఒకటి అటువంటిదానిని కొంటామని అప్పటికే మాట ఇచ్చింది. స్ఫటికం నిలిస్తే గది ఆమెది. లేకపోతే గది మూతలది, ఆమె ఫోనుది. మధ్యవర్తిని నేను.

"చూడ్డమే సుమండీ! కళ్ళతో చూసి పెద్ద మామయ్యగారు తీర్పు చెబుతారు. చేతులు వెయ్యకూడదు," అంది కోడలు.

"నేనెందుకు వేస్తాను? నాకు పనిలేదా?" అన్నారు మా బావగారు. ఆ మాట అన్నప్పుడు ఆయన నిజంగానే అనుకొన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. మోకాలితోనే వచ్చింది చిక్కు.

తరువాత ఆ అమ్మాయి, మా చెల్లెలు కలిసి వసారాలో మూతల గుట్టలకు కాపలా కాశారు. కొలిమి నడుస్తున్నంతసేపూ మా చెల్లెలు అక్కడ కుర్చీ వేసుకొని కూర్చొని, అటు వచ్చిన ప్రతివాడినీ, "ఒరే, పొట్ట లోపలికి లాగి నడు," అని హెచ్చరించేది. మేస్త్రీ పొట్ట బయట ఉండడమే జీవితధ్యేయంగా గల మనిషి. అతడు బయటి తోట చుట్టూ తిరిగి వెళ్ళవలసివచ్చింది.

స్ఫటికం నిలిచింది.

పరీక్షనాటి ఉదయం మా బావగారు కొత్త చొక్కా వేసుకొని వచ్చారు. వెంట మేస్త్రీనీ, మరి కొందరు పనివారినీ తీసుకువచ్చారు. "ఇంటిమనిషని నేను చూసీచూడనట్టు వదిలేశానని రేపు ఎవడూ అనకూడదు," అని ప్రకటించి, వారిని కిటికీ బయట బారుగా నిలబెట్టారు. తన సాక్షులను తానే పిలుచుకొన్నారన్నమాట. నిష్పక్షపాతంలో ఆయనది చాలా పట్టుదల.

కోడలు ముందు ఒక మామూలు కడ్డీని బల్లమీద పెట్టింది. ఆమ్లం పట్టించి కడిగిన ఆ కడ్డీ ఒంటినిండా తెలుపు, బూడిద, నలుపు మచ్చలతో అతుకుల బొంతలా ఉంది. ఒక్కొక్క మచ్చ ఒక్కొక్క రేణువు. తరువాత దూది పరిచిన చెక్క దోనెలో తన కడ్డీని తెచ్చి, దోనెతో సహా దీపం కింద ఉంచింది. బొటనవేలంత లావు. ఒంటిమీద మచ్చ లేదు, గీత లేదు. ఆమె ఒక వేలితో దానిని మెల్లగా దొర్లించింది. కొంతవరకూ మబ్బుపట్టినట్టు మసకగా ఉన్న కడ్డీ, ఒక కోణం రాగానే ఆ కొస నుంచి ఈ కొసకు ఒక్కసారిగా మెరిసింది. ఇంకాస్త దొర్లించగానే మొత్తం ఒక్కసారిగా ఆరిపోయింది.

ఉద్యోగకాలమంతా నేను నల్లబల్లమీద సుద్దముక్కతో గీసిన బొమ్మ అది. కళ్ళజోడు తీసి తుడుచుకోవలసివచ్చింది. గదిలో దుమ్ము ఎక్కువగా ఉందన్నాను.

"దుమ్మేం లేదు పెద్ద మామయ్యగారూ, పొద్దున్నే తడిగుడ్డ పెట్టాను," అంది కోడలు మెల్లగా, నవ్వు దాచుకొంటూ.

తీర్పు చెప్పడానికి నేను గొంతు సవరించుకొన్నాను. నా ఉపన్యాసాలకు కాస్త పీఠిక ఉంటుంది. లోహాలలో అల్యూమినియం స్థానం గురించి, ఇనుముతో పోలిస్తే దాని తేలికదనం గురించి, దాని ఒంటిమీద తనంతట తానే ఏర్పడి తుప్పునుంచి కాపాడే పలుచని పొర గురించి రెండు మాటలు చెప్పి తీర్పులోకి వద్దామనుకొన్నాను. పొర దగ్గర ఉన్నాను. అప్పుడే, నా పీఠికకు విసిగినవో, పాత అలవాటు కొద్దీ కదిలినవో, మా బావగారి చేతులు దోనెలోకి వెళ్ళాయి. రెండు కొసలూ పట్టుకొన్నాయి. మోకాలు ముందుకు వచ్చింది.

"మామయ్యగారూ!" అని కోడలు అరవడం, ఆయన నొక్కడం ఒకేసారి జరిగాయి.

చప్పుడు లేదు. ఎదురుతిరగడం లేదు. వెచ్చటి మైనపు ఒత్తిలా కడ్డీ ఆయన మోకాలి చుట్టూ వంగిపోయింది. ఎదురుతిరుగుతుందనుకొని వేసిన బలమంతా ఆసరా లేక, ఆయన ఒక అడుగు ముందుకు తూలి బల్ల పట్టుకొని నిలదొక్కుకొన్నారు. చేతిలో విల్లు మిగిలింది.

కిటికీ బయట ఎవరో గట్టిగా గాలి పీల్చారు. కోడలు ఖాళీ దోనెలోని దూదిని వేలితో సర్ది, అక్కడున్న స్టూలుమీద కూర్చొంది. అంతటి గడుసు నోటినుంచి మాట రాకపోవడం చూసి నా పీఠిక నేను మరిచిపోయాను.

మా బావగారికి తప్పు చేశానని తెలిసింది. అది తెలిసినప్పుడు ఆయన గొంతు పెద్దదవుతుంది.

"చెత్త!" అన్నారు. "ఇంత మెత్తటి సరుకు నా జన్మలో చూళ్ళేదు. దీనికా ఇంత హడావుడి? దీనికంటే మా మూతలు నయం. వెనకటికి ఎవరో వెన్నతో కడ్డీ చేసినట్టుంది. బావగారూ, తీర్పు చెప్పెయ్యండి. గది మూతలకి."

"బావగారూ, ఏకస్ఫటికం మెత్తగానే ఉంటుంది. రేణువుల మధ్య గోడలు లేవు కనుక లోపలి పొరలు పేకముక్కల్లా ఒకదానిమీద ఒకటి..." అని మొదలుపెట్టాను.

"పేకలు మీరాడుకోండి. నా మోకాలు చెప్పింది. ఇది మామూలు అల్యూమినియం, అందులోనూ నాసిరకం."

అప్పుడు కోడలు తలెత్తింది. ముఖం పాలిపోయి ఉంది కాని, కళ్ళల్లోకి ఏదో ఆలోచన వచ్చింది. అది రావడం నేను స్పష్టంగా చూశాను.

"సరే మామయ్యగారూ. నాసిరకమే. వెన్నే. మరి అంత మెత్తటిదైతే మళ్ళీ తిన్నగా చేసి ఇవ్వండి. చేసేస్తే నేనే వెళ్ళి ఫోను దగ్గర కూర్చుంటాను. ఒక్కమాట మాట్లాడను."

"ఓస్, ఇంతేనా?"

ఆయన విల్లును తిరగేసి, ఉబ్బిన వైపు మోకాలికి ఆనించి నొక్కారు. ఒంపు ఒంపుగానే ఉంది. దాని పక్కన, అప్పటిదాకా తిన్నగా ఉన్న చోట, కడ్డీ మరోవైపుకు కొత్తగా వంగింది.

"అదేంటి?" అన్నారాయన, కడ్డీతోనే.

కొత్త ఒంపును సరిచేయబోయారు. అది కదలలేదు, దాని పక్కన మూడో ఒంపు వచ్చింది. చొక్కా చేతులు పైకి మడిచి, పాత ఒంపు దగ్గరకు తిరిగి వచ్చి, పళ్ళు బిగపట్టి నొక్కారు. మెడమీద నరాలు లేచాయి. వెన్నతో చేసిన కడ్డీ ఇప్పుడు ఆయన నిచ్చెనలకంటే మొండిగా నిలబడింది.

జరుగుతున్నది నాకు తెలుసు, కాని ఈసారి పీఠిక పెట్టలేదు. మొదటిసారి వంగేటప్పుడు అడ్డం లేక పొరలు జారిపోతాయి. జారినచోట లోపల చిక్కులు పడతాయి, దువ్వకుండా వదిలేసిన జుట్టులా. ఆ చిక్కులు మరి జారనివ్వవు. వంగిన చోటు గట్టిపడుతుంది, వంగని చోటు మెత్తగానే మిగులుతుంది. అందుకని సరిచేయబోయిన ప్రతిసారీ ఒంపు బాగుపడదు, పక్కనున్న మంచిచోటు చెడిపోతుంది. కొన్ని కుటుంబ వ్యవహారాలలో కూడా ఈ ధర్మాన్ని గమనించాను.

ఆ సమయానికి మా చెల్లెలు లోపలికి వచ్చింది. ఎర్రబడిన భర్త ముఖాన్ని, ఆయన చేతిలో పాములా మెలికలు తిరిగిన కడ్డీని, స్టూలుమీద కూర్చొన్న కోడలిని వరసగా చూసి, సంగతి మొత్తం గ్రహించింది.

"ఎవరండీ దాన్ని వంచింది?"

మా బావగారు కడ్డీని మరింత గట్టిగా మోకాలికి ఆనించారు.

"మీరేనా? చూస్తానని కదా మాటిచ్చింది! మూతలకి నేను కాపలా కాశాను. మీ మోకాలికి కాయాలని నాకెవరూ చెప్పలేదు."

"తిన్నగా చేస్తున్నాను కదే! కాస్త ఉండు."

"చెయ్యండి, చెయ్యండి. ఎంతసేపైనా ఉంటాను. మధ్యాహ్నం వంట కూడా మానేస్తాను."

కిటికీ బయట మేస్త్రీ దగ్గాడు. అది దగ్గు కాదు. మిగిలినవారు ఆకాశంవంక చూడడం మొదలుపెట్టారు.

మధ్యవర్తిగా నా బాధ్యత నాకు గుర్తుకువచ్చింది. "బావగారూ," అన్నాను, వీలైనంత గంభీరంగా, "తీర్పు చెప్పవలసిన సమయం వచ్చింది. ఇది మామూలు అల్యూమినియం అని మీరు సెలవిచ్చారు. అదే చెప్పమంటారా? మామూలు నాసిరకం అల్యూమినియం కడ్డీని మీరు ఒకసారి వంచి, మళ్ళీ తిన్నగా చేయలేకపోయారని, ఇంతమంది ఎదుట, ఆ మాటలతోనే చెబుతాను. లేదా..."

ఆయన నావంక చూశారు. కిటికీవంక చూశారు. ఇన్నేళ్ళ బిరుదు ఆ కిటికీ బయట బారుగా నిలబడి ఉంది. చేతిలో కడ్డీని ఒకసారి తూచినట్టు పైకెత్తారు.

"ఇది మామూలు అల్యూమినియమని ఎవడన్నాడు?" అని గర్జించారు. "మామూలుదైతే నా చేతిలో ఇలా మొండికేస్తుందా? ఒరే మేస్త్రీ, నువ్విలా రా! పట్టు. తిన్నగా చెయ్యి చూద్దాం."

మేస్త్రీ పొట్ట లోపలికి లాగి ప్రయత్నించాడు. కడ్డీకి మరొక మెలిక చేరింది.

"చూశావా? ఇది వేరే జాతి. ఇలాంటిది మా కోడలు తప్ప ఎవరూ చెయ్యలేరు."

"అయితే గది?" అంది కోడలు వెంటనే. మాట తిరిగి వచ్చింది, అదీ పదును తగ్గకుండా.

"నీదే."

"ఇంతమంది విన్నారు సుమండీ."

"విననీ. నేనేమన్నా గుసగుసలాడుతున్నానా?"

"మరి మూతల సంగతో?" అంది మా చెల్లెలు. "కొలిమి పక్కన ఇంకోసారి మూత పడిందో, నేను మళ్ళీ కుర్చీ వేసుకుని కూర్చోను. ఆ కుర్చీ మీకే."

సాయంకాలానికల్లా వసారాలోని మూతలన్నీ ఆయన సొంత కార్యాలయంలోకి మారాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆయనను కలవడానికి వచ్చినవారు రెండు గుట్టల మధ్యనుంచి పక్కవాటుగా వెళ్ళాలి. ఎవరి మోచేయైనా తగిలితే, ఆ మోత పూర్తిగా సద్దుమణిగేవరకూ సంభాషణ ఆపి అందరూ మర్యాదగా ఎదురుచూస్తారు.

కోడలు ఆ మెలికల కడ్డీని కరిగించి మళ్ళీ మూసలో పోద్దామనుకొంది. అంత స్వచ్ఛమైన లోహం దొరకడం తేలిక కాదు. పైగా ఒకసారి కరిగితే ఏ ఒంపూ ఏ చిక్కూ లోహానికి గుర్తుండవు. మా బావగారు ఒప్పుకోలేదు.

"అది నాది. నీకు కొత్త లోహం తెప్పిస్తాను, ఎంత కావాలో చెప్పు," అన్నారు.

కడ్డీని తన బల్ల వెనుక గోడకు తగిలించుకొన్నారు. కొత్తగా ఎవరు వచ్చినా దానిని దించి చేతికిస్తారు. "నేను వంచాను. ఒక్క నొక్కు. మీకు చేతనైతే తిన్నగా చెయ్యండి చూద్దాం," అంటారు. వచ్చినవారు చెమటలు పట్టి తిరిగి ఇచ్చేస్తారు. కడ్డీ ఇప్పుడు ఏ ఆకారంలో ఉందో వర్ణించడానికి లోహశాస్త్రంలో మాటలు లేవు. తాను ప్రయత్నించి ఓడిపోయిన సంగతి ఆయన ఎవరికీ చెప్పరు. మా చెల్లెలు చెబుతుంది.

కొత్త లోహంతో కోడలు మరొక స్ఫటికం పెంచింది. మొదటిదానికంటే బాగుందని నా అభిప్రాయం. ఈసారి పీఠిక లేకుండా, ఒక్క వాక్యంలో చెప్పాను. పరికరాల సంస్థవారు వచ్చి తీసుకుపోయేదాకా దానిని గాజు పెట్టెలో పెట్టి తాళం వేశారు. నేను వెళ్ళినప్పుడు మా బావగారు ఆ పెట్టె ముందు చేతులు వెనక్కి కట్టుకొని నిలబడి ఉన్నారు. దీపం వెలుగులో కడ్డీ కొస నుంచి కొసకు మెరుస్తోంది.

"బాగుంది కదా, బావగారూ?" అన్నాను.

"చాలా బాగుంది," అన్నారాయన నిజాయితీగా. అలా అంటూండగానే ఆయన కుడి మోకాలు, తనంతట తాను, కొద్దిగా ముందుకు వచ్చింది.

పక్కనే ఉన్న మా చెల్లెలు తాళంచెవి ఉన్న గుప్పిట బిగించింది.